లండన్ పెరట్లో ఎర్ర నక్క: దాని వేట, దాని అరుపులు, మీ కోళ్ళు

మీ ప్రశ్నలన్నీ ముందు ఒక వరసలో పెట్టుకుందాం. లండన్ పడమటి శివారు హౌన్స్‌లో వైపు ఇల్లు కొన్నారు. గార్డెన్ చివర షెడ్డు కిందికి నక్క దూరుతోంది. జనవరి మొదలైనప్పటి నుంచి అర్ధరాత్రి ఎవరి గొంతో కోస్తున్నట్టు అరుపులు. ఇంట్లో ఐదేళ్ళ పాప ఉంది. వేసవి నుంచి నాలుగు కోళ్ళు పెంచాలని ఆలోచన. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు "ఇది మన పొలాల్లో తిరిగే నక్కేరా, దీనికి భయమెందుకు" అంటున్నారు. మంచులోకి తలకిందులుగా దూకే నక్క వీడియో చూసి, "అంత గొప్ప వేటగాడైతే మా బిన్‌లో చికెన్ ఎముకల కోసం ఎందుకొస్తుంది" అని కూడా అడిగారు. నన్నడిగితే ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా మంచిది. దాని జవాబు పట్టుకుంటే మిగతావి చాలావరకు అందులోంచే వస్తాయి.

నేను ఈ దేశంలో చాలా ఏళ్ళుగా ఇళ్ళు, రోడ్లు కట్టబోయే స్థలాల్లో వన్యప్రాణుల సర్వే చేసే పనిలో ఉన్నాను. నక్క కన్నాలు వెతకడం, వాటిలో ఎవరైనా కాపురం ఉన్నారో లేదో తేల్చడం నా పనిలో భాగం. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు నాన్నగారి మాట. మన ఊళ్ళ పొలిమేరల్లో పొద్దుగూకాక ఒకటి మొదలుపెడితే నాలుగు అందుకుని ఊళ వేస్తాయే, అది వేరే జంతువు. తోడేలుకీ కుక్కకీ దగ్గరి చుట్టం, ఇంగ్లీషు వాళ్ళు జాకాల్ అంటారు. మెట్ట పొలాల్లో, గుట్టల పక్క బొరియలు తవ్వుకుని బతికే గుంటనక్క మాత్రం మీ షెడ్డు కింద ఉన్నదానికి నిజంగానే దాయాది, కానీ అదీ ఇదీ ఒకటి కాదు. తోక చూస్తే తెలిసిపోతుంది. గుంటనక్క తోక కొస నలుపు, ఎర్ర నక్క తోక కొస మామూలుగా తెలుపు. ఎర్ర నక్కకి చెవుల వెనక భాగమూ కాళ్ళూ కూడా నలుపే. ఇక్కడి మగనక్క ఆరున్నర, ఏడు కిలోలు తూగుతుంది. గుంటనక్క ఇంచుమించు అందులో సగం. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎర్ర నక్క లేదు. మన దేశంలో దాన్ని చూడాలంటే లడఖ్, స్పితి, ఉత్తరాఖండ్ కొండలెక్కాలి, లేదా థార్ ఎడారికో కచ్‌కో వెళ్ళాలి. ఎర్ర నక్కలు దొరక్కే, ఆ కాలపు తెల్ల దొరలు నీలగిరుల్లో ఊటీ హంట్ అనే వేట క్లబ్బు పెట్టుకుని, ఇంగ్లండు నుంచి వేటకుక్కలను తెప్పించి, గుర్రాల మీద మన జాకాల్ వెంట పడేవారు. ఇక్కడి సరదా అక్కడ తీర్చుకోవడమన్నమాట.

అడవి మాంసాహారుల్లో నేల మీద ఇంత విస్తారంగా బతుకుతున్న జంతువు ఇంకొకటి లేదు. సుమారు 7 కోట్ల చదరపు కిలోమీటర్ల మేర ఉంది: దాదాపు యూరప్ అంతా, ఆసియాలో చాలా భాగం, ఉత్తర అమెరికా, ఆఫ్రికా ఉత్తర కొస. ఆస్ట్రేలియాలో సొంతంగా లేదు. 19వ శతాబ్దంలో మెల్‌బోర్న్ చుట్టుపక్కల వేట సరదా కోసం తెచ్చి వదిలారు. అది వందేళ్ళు తిరక్కముందే ఖండంలో చాలా భాగం ఆక్రమించి, కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే అక్కడి చిన్న చిన్న సంచిజంతువులను కొన్ని చోట్ల తుడిచిపెట్టేసింది. స్పితి లోయలో ఊళ్ళు పెరిగి చెత్త పెరిగేకొద్దీ అక్కడా ఊళ్ళ చుట్టూ చేరుతోంది. బిన్ దగ్గరికి రావడం లండన్ నక్కలకే పట్టిన చెడు అలవాటేమీ కాదు.

ఇప్పుడు అసలు విషయం. తోడేలు గుంపుగా వేటాడుతుంది, పెద్ద జంతువును పడగొడుతుంది, అందరూ కలిసి తింటారు. నక్క లెక్క వేరు. దానికి ఇష్టమైన వేట వోల్ అనే పొట్టితోక గడ్డిఎలుక. అది తూగేదే ముప్పై గ్రాములు. దాన్ని పట్టడానికి నలుగురు అక్కర్లేదు, పట్టాక నలుగురికి పెట్టడానికీ ఏమీ మిగలదు. కాబట్టి నక్క ఒంటరిగా వేటాడుతుంది. రోజుకి దానికి అరకిలో దాకా తిండి కావాలి, అంటే ఎలుకల మీదే బతకాలంటే పదిహేను, ఇరవై పట్టాలి. ఒక్కొక్కటీ విడిగా వెతికి, చడీచప్పుడు లేకుండా దగ్గరికి వెళ్ళి, ఒక్క దూకుతో అందుకోవాలి. పరిగెత్తించి పట్టే కుక్క పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎలుక రెండడుగులు పరిగెత్తితే కలుగులో ఉంటుంది.

అందుకే కుక్కల కుటుంబంలో పుట్టినా దీని ఒళ్ళు చాలావరకు పిల్లి పద్ధతిలో తయారైంది. కంటిపాప పగటి వెలుగులో నిలువు గీతలా సన్నబడుతుంది. కుక్కకీ తోడేలుకీ అలా కాదు, గుండ్రంగానే ఉంటుంది. మీసాలు పొడుగు, ముంగాళ్ళ మీద కూడా స్పర్శ తెలిసే వెంట్రుకలుంటాయి. కోరపళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటాయి, దవడకి మాత్రం తోడేలు దవడ బలం లేదు. పాదాల అడుగున మెత్తల మధ్య బొచ్చు. ఎత్తును బట్టి చూస్తే ఒళ్ళు చాలా తేలిక. మీరు చూసిన నక్క లావుగా కనిపించిందంటే అది చలికాలపు బొచ్చు, వేసవిలో అదే నక్కని చూస్తే జాలేస్తుంది. డేవిడ్ హెన్రీ అనే పరిశోధకుడు కెనడాలో, సస్కాచెవాన్ రాష్ట్రంలోని ప్రిన్స్ ఆల్బర్ట్ నేషనల్ పార్కులో ఏళ్ళ తరబడి నక్కల వెంట తిరిగి ఈ పోలికలన్నీ ఒక్కొక్కటిగా పట్టి చూపించాడు. నక్క గురించి మా రంగంలో ఎవరు మాట్లాడినా ఆయన దగ్గర మొదలుపెట్టక తప్పదు.

ఇక ఆ మంచులో దూకుడు. అది నిజమే, మంచు లేకపోయినా చేస్తుంది. మీ దగ్గర్లో గడ్డి పెరగనిచ్చిన పార్కు ఏదైనా ఉంటే తెల్లవారుజామున వెళ్ళి చూడండి. ముందు ఆగుతుంది. తల ఒక పక్కకి, మళ్ళీ ఇంకో పక్కకి వంచుతుంది. చెవులు రెండూ ముందుకి తిరుగుతాయి. ఇక్కడ పని చేస్తున్నది కన్ను కాదు, చెవి. గడ్డి కిందో మంచు కిందో ఎలుక కదిలితే వచ్చే అలికిడి ఏ చెవికి ఎంత ఆలస్యంగా, ఎంత గట్టిగా వచ్చిందన్నదాన్ని బట్టి అది ఎక్కడుందో లెక్క కడుతుంది. సుమారు నాలుగు కిలోహెర్ట్జ్ చుట్టూ ఉండే శబ్దాలు దానికి బాగా వినిపిస్తాయి. మనకు అసలే వినపడని సన్నని కీచు కూడా దానికి అందుతుంది. లెక్క కుదిరాక వెనక కాళ్ళ మీద ఎగిరి, గాలిలో వంపు తిరిగి, ముంగాళ్ళూ మూతీ కలిపి పై నుంచి దిగుతుంది. పక్కనుంచి వస్తే ఎలుకకి గడ్డి కదలిక తెలుస్తుంది, పై నుంచి వస్తే తెలియదు. ముంగాళ్ళతో నేలకు అదిమి, మెడ దగ్గర ఒక్క కొరుకు. దూకు దూరం రెండు మూడు మీటర్లు సులువుగా ఉంటుంది.

అంత వేగంతో మంచులో ముఖం గుద్దుకుంటే దెబ్బ తగలదా అని మీకు అనిపించే ఉంటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళకీ అదే అనుమానం వచ్చింది. నక్క పుర్రెలనూ, పిల్లి జాతి జంతువుల పుర్రెలనూ త్రీడీ ప్రింట్ చేసి, మంచులోకి జారవిడిచి, ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచారు. 2024లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, నక్క కోసుగా పొడుగైన మూతి మంచును పక్కలకి తప్పించేస్తుంది, దెబ్బ తగ్గుతుంది. బల్లపరుపు ముఖమున్న పిల్లి జాతి పుర్రెల మీద ఒత్తిడి ఎక్కువ పడింది. వేటలో పిల్లి పద్ధతి అందుకున్నా మూతి మాత్రం కుక్కదే ఉంచుకోవడం దీనికి బాగానే కలిసొచ్చింది.

ఇంకో ముచ్చట కూడా వినే ఉంటారు, నక్క ఉత్తర దిక్కు చూసుకుని దూకుతుందని. అది గాలివార్త కాదు. 2011లో చెక్ రిపబ్లిక్ పరిశోధకులు 84 నక్కలు చేసిన దాదాపు 600 దూకులను నమోదు చేశారు. ఈశాన్యం వైపు, సరిగ్గా చెప్పాలంటే అయస్కాంత ఉత్తరానికి ఇరవై డిగ్రీలు కుడిగా దూకినప్పుడు, ఎలుక కంటికి కనపడకపోయినా నూటికి 73 సార్లు దొరికింది. దానికి సరిగ్గా ఎదురు దిక్కులో 60 సార్లు. మిగతా దిక్కుల్లో నూటికి 18 కూడా లేదు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలబద్దలా వాడుకుని దూరం అంచనా వేస్తోందని వాళ్ళ ఊహ. అంకెలు ఆశ్చర్యంగానే ఉన్నాయి. కానీ అది పొలాల్లో నిలబడి చూసి రాసుకున్న గమనిక, అయస్కాంత క్షేత్రాన్ని మార్చి చేసిన ప్రయోగం కాదు. నేనైతే దాన్ని ఇంకా "అయ్యుండొచ్చు" అనే గంపలోనే ఉంచుతాను. చెవి సంగతి మాత్రం అనుమానం లేనిది.

వీడియోల్లో రానిదీ, నాకు ఇంకా బాగా నచ్చేదీ వానపాముల వేట. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ 1970లలో రాత్రిపూట నక్కలను గమనిస్తూ ఇది బయటపెట్టాడు. వెచ్చగా, తడిగా, గాలి లేని రాత్రి వానపాములు గడ్డి మీదికి వస్తాయి, తోక కొస మాత్రం కన్నంలోనే ఉంచుకుంటాయి. నక్క మెల్లగా నడుస్తూ, వాటి ఒంటి మీది సన్నని ముళ్ళు గడ్డికి గీరుకునే చప్పుడు వింటూ వెళ్ళి, ముందుపళ్ళతో పట్టుకుంటుంది. గబుక్కున లాగితే పాము తెగిపోతుంది, సగమే దక్కుతుంది. అందుకని చీర కొంగు ముల్లుకి తగులుకుంటే చిరగకుండా ఎలా బిగువు పట్టి లాగుతామో అలా, లాగి పట్టుకుని ఒక్క క్షణం ఆగుతుంది. పాము పట్టు సడలగానే మొత్తం బయటికి తీస్తుంది. వాన వెలిసిన రాత్రి మీ లాన్ మీద నక్క తల వంచుకుని అటూ ఇటూ నడుస్తుంటే అది తిరుగుతున్నది వీటి కోసమే. దాని జోలికి వెళ్ళకండి, గడ్డికి ఏ నష్టమూ లేదు. పెంకుపురుగుల కోసమో, వాటి పిల్లపురుగుల కోసమో లాన్ గీకితే మాత్రం చిన్న గుంటలు పడతాయి, వసంతంలో ఆ బాధ కొంచెం ఉంటుంది.

ఇక మీ బిన్ ప్రశ్న. ఇంత నైపుణ్యం ఉన్న జంతువు ఎముకల కోసం ఎందుకు వస్తుంది? ఎందుకంటే దాని బతుకంతా చిన్న చిన్న ముక్కలను వెతికి పోగుచేసుకోవడమే. ఎలుక, వానపాము, పెంకుపురుగు, నేల రాలిన ఆపిల్, ముళ్ళపొద మీది బ్లాక్‌బెర్రీ, పావురం, మీ చికెన్ ఎముక, అన్నీ దాని లెక్కలో ఒకే జాబితా. పెద్ద జంతువును కొట్టి మూడు రోజులు తినే జాతికి చెత్తబుట్ట అవమానంగా ఉంటుందేమో. నక్కకి అది ఇంకో గడ్డిదుబ్బు, అంతే. పైగా ఇక్కడి ఊళ్ళల్లో చాలామంది ఇష్టంగా పళ్ళెంలో పెట్టి మరీ పెడతారు. మీ పక్కింటివాళ్ళు పెడుతున్నారేమో ఒకసారి కనుక్కోండి. బిన్ మూత బిగించినంత మాత్రాన నక్క రావడం మానదు, వచ్చిన చోట ఆగడం తగ్గుతుంది.

దాని పొట్ట కూడా చిన్నది. తోడేలులా ఒక్క పూటలో కిలోల కొద్దీ మింగలేదు. మరి ఒక్కసారిగా ఎక్కువ దొరికితే? పాతిపెడుతుంది. ముంగాళ్ళతో గుంట తీసి, ఒక్క ముక్కే పెట్టి, మూతితో మట్టి తోసి, ఆకులు కప్పి, ఇంకో ముక్క ఇంకో చోట. అన్నీ ఒకే చోట పెట్టదు. ఒకటి దొంగలపాలైనా మిగతావి ఉంటాయి. ఎక్కడ పెట్టిందో చాలావరకు గుర్తుంచుకుంటుంది. హెన్రీ గమనించిన ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలి. తినేసి ఖాళీ అయిన గుంట మీద నక్క మూత్రం పోస్తుంది. తర్వాత ఆ దారిన వచ్చినప్పుడు పాత తిండి వాసన వచ్చినా, మూత్రం వాసన తగలగానే "ఇక్కడేమీ లేదు" అని ముందుకు సాగుతుంది. మీ పూలకుండీలో సగం గుడ్డో, ఎవరో పారేసిన రొట్టె ముక్కో కప్పెట్టి కనిపిస్తే అదెవరి పనో ఇప్పుడు తెలిసింది కదా.

మీ కోళ్ళ సంగతి ఇక్కడికే వస్తుంది. కోళ్ళ గూట్లో దూరిన నక్క ఒక్కటి తిని, పది చంపి పోయిందని అందరూ కోపంగా చెబుతారు. సరదాకి చంపుతుందనీ, రక్తం రుచి మరిగిందనీ అంటారు. అది కాదు. బయట గడ్డిలో ఒక పక్షిని పట్టేలోపు మిగతావి ఎగిరిపోతాయి, కాబట్టి "ఇక చాలు, ఆపు" అనే అవసరం దానికెప్పుడూ పడలేదు. రెక్కలు టపటపలాడిస్తూ తప్పించుకోలేనివి కళ్ళ ముందుంటే దూకుతూనే ఉంటుంది. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండు వాయవ్యాన కంబ్రియా తీరంలో రేవన్‌గ్లాస్ దగ్గర నేల మీద గూళ్ళు పెట్టుకునే నల్లతల గల్ అనే నీటిపక్షుల మధ్య ఇదే చూశాడు. కటిక చీకటి రాత్రుల్లో పక్షులు ఎగరలేక ఉన్నచోటే కూర్చున్నప్పుడు, నక్కలు తినగలిగినదానికన్నా ఎన్నో రెట్లు చంపాయి. వెన్నెల రాత్రుల్లో అలా జరగలేదు. గూట్లో చచ్చిన కోళ్ళను అలాగే వదిలేస్తే వీలైనన్ని రాత్రులు వచ్చి ఒక్కొక్కటీ మోసుకెళ్ళి పాతిపెట్టుకునేది. మనం పొద్దున్నే తీసేస్తాం, మనకు అది వృథాగా చంపినట్టు కనిపిస్తుంది.

కాబట్టి నాలుగు కోళ్ళు పెంచుకోండి, కానీ గూటి మీద పెట్టే డబ్బు ముందు లెక్క వేసుకోండి. షాపుల్లో కోళ్ళ జాలీ అని అమ్మే ఆరు మూలల సన్న తీగ కోళ్ళను లోపల ఉంచుతుంది, నక్కను బయట ఉంచదు, కొరికి చింపుతుంది. వెల్డెడ్ మెష్, అంటే తీగలు ఒకదానికొకటి అతికించిన గట్టి ఇనుప జాలీ వాడండి, పైకప్పు కూడా దానితోనే వేయండి. రెండు మీటర్ల ఫెన్స్ ఎక్కడం దానికి కష్టం కాదు. అడుగున తవ్వకుండా మెష్‌ను గూడు చుట్టూ బయటి వైపు అరమీటరు నేల మీద పరిచి మట్టి కప్పండి. తవ్వేటప్పుడు అది గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, అరమీటరు వెనక్కి జరిగి సొరంగం తీద్దామన్న ఆలోచన దానికి రాదు. పొద్దుగూకే వేళకి తలుపు వేయాలి. ఆటోమేటిక్ తలుపులు దొరుకుతాయి, కొనండి, మన పని గంటలతో రోజూ గుర్తుంచుకోవడం కుదరదు. ఏప్రిల్, మేలలో పిల్లలున్న నక్క పట్టపగలే వస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఇంకో మాట, నక్కకి సంబంధం లేనిది: 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక్క కోడి పెంచినా రిజిస్టర్ చేయించాలి. బర్డ్ ఫ్లూ కోసం పెట్టిన నియమం. చాలామంది మనవాళ్ళకి ఇది తెలియదు.

అరుపుల సంగతి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి జత కట్టే కాలం, జనవరిలో ముమ్మరం. ఆడనక్క ఏడాదికి ఒక్కసారే, అదీ సుమారు మూడు రోజులే కడుపు కట్టగల స్థితిలో ఉంటుంది. ఆ మూడు రోజులు తప్పిపోకుండా మగవి దాన్ని వదలకుండా వెంట తిరుగుతాయి, పొరుగు మగవి కూడా గీత దాటి వస్తాయి. మీరు విన్న ఆ కేక ఎక్కువగా ఆడదే, మగది కూడా అప్పుడప్పుడు అరుస్తుంది. మూడు సార్లు వరసగా "వౌ వౌ వౌ" అని మొరిగితే అది "నేనిక్కడున్నాను" అని దూరం నుంచి చెప్పుకోవడం. పోలీసులకి ఫోన్ చేయాల్సిన పని లేదు. నిజంగానే చేసినవాళ్ళున్నారు.

కడుపు 52, 53 రోజులు మోస్తుంది. అంటే ఇప్పుడు జత కట్టినది మార్చిలో నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. పుట్టినప్పుడు అవి ముదురు గోధుమ రంగులో, కళ్ళు మూసుకుని, కుక్కపిల్లల్లాగే ఉంటాయి. ఒంట్లో వేడి నిలబెట్టుకోలేవు కాబట్టి తల్లి మొదటి రోజుల్లో కన్నం వదలదు, మగది తిండి తెచ్చి ఇస్తుంది. రెండు వారాలకి కళ్ళు తెరుస్తాయి. అప్పుడు నీలం రంగు, నెల దాటాక తేనె రంగుకి మారతాయి. ఏప్రిల్ చివర బయటికొస్తాయి. కొన్ని కుటుంబాల్లో పోయినేడు పుట్టిన ఆడపిల్ల ఇంట్లోనే ఉండిపోయి, తాను పిల్లల్ని పెట్టకుండా చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ మేత మోస్తుంది. వేట ఒంటరిగానే చేసినా కాపురం మాత్రం కుటుంబంగానే చేస్తుంది. అయితే ఆ కాపురం మరీ పవిత్రమేమీ కాదు. బ్రిస్టల్ నక్కల జన్యువులు చూస్తే ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు కూడా తేలారు.

దీన్నిబట్టి మీ షెడ్డు పని ఏదైనా ఇప్పుడే చేయాలి, మార్చి దాకా ఆగకూడదు. కన్నం ముందు వదులుగా మట్టి, నాలుగు పుల్లలు అడ్డం పెట్టండి. మూడు నాలుగు రోజులు చూడండి. అడ్డం తొలగిస్తే లోపల ఎవరో ఉన్నారు. కదలకుండా అలాగే ఉంటే ఖాళీ, అప్పుడు వెల్డెడ్ మెష్ కొట్టి మూసేయండి. లోపల జంతువు ఉండగా మూసేయడం నేరమవుతుంది, అంతకంటే ముందు అది దారుణం. ఇంకా వస్తూ పోతూ ఉంటే షెడ్డులో వస్తువులు అటూ ఇటూ జరపండి, రేడియో పెట్టండి, రోజూ అలికిడి చేయండి. పిల్లలు పుట్టకముందు అది సులువుగా ఇంకో చోటుకి పోతుంది. దానికి ఎప్పుడూ రెండు మూడు కన్నాలు సిద్ధంగా ఉంటాయి. పుట్టేశాక కనక మీకు తెలిసిందంటే, జూన్ దాకా ఓర్చుకోండి. వాటంతటవే వదిలి వెళ్ళిపోతాయి.

పట్టించి దూరంగా వదిలేద్దాం అనుకోకండి. కొత్త చోట ప్రతి అంగుళమూ ఇంకో నక్కదే, తిండి ఎక్కడుందో తెలియదు, తన్నులు తిని రోడ్ల మీద పడుతుంది. ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి వారాల్లోనే ఇంకోటి వస్తుంది. ఊళ్ళో ఒక నక్క కుటుంబానికి అర చదరపు కిలోమీటరు కూడా అక్కర్లేకుండా గడిచిపోతుంది. స్కాట్లండ్ కొండల్లో అదే కుటుంబానికి నలభై చదరపు కిలోమీటర్లు కావాల్సి రావచ్చు. తిండి ఎంత ఒత్తుగా ఉందన్నదే అంతా నిర్ణయిస్తుంది. విషం పెట్టడం చట్టవిరుద్ధం. కుక్కల్ని వదిలి వేటాడడం ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి నుంచి నిషేధం. ఆ చట్టం చుట్టూ రాజకీయం చాలా ఉంది, దాని జోలికి ఇక్కడ వెళ్ళను.

పాప విషయం. నక్క మనుషుల్ని కరవడం చాలా అరుదు, కుక్క కాట్లతో పోల్చుకుంటే లెక్కలోకే రాదు. అలాగని ఎప్పుడూ జరగలేదని చెప్పను. 2010 జూన్‌లో తూర్పు లండన్‌లోని హాక్నీలో ఒక ఇంట్లోకి దూరి ఇద్దరు పసిపిల్లల్ని గాయపరిచింది, ఇద్దరూ బతికారు. ఉక్కగా ఉందని కింది అంతస్తు తలుపు తెరిచి పెట్టి పడుకోకండి, నక్కకి చేత్తో తిండి పెట్టకండి, పాపతో పెట్టించకండి. మనిషి దగ్గర భయం పోయిన నక్కే చిక్కు తెస్తుంది, ఆ భయం పోగొట్టేది మనమే. ఇసుకపెట్టె ఉంటే మూత వేయండి. దాని పెంట ఒక కొస సన్నగా మెలితిరిగి ఉంటుంది, హద్దు గుర్తుగా కావాలని కళ్ళకి కనబడే చోట, బొమ్మ మీదో చెప్పు మీదో పెడుతుంది. గ్లవ్స్ వేసుకుని తీసేయండి, పాప చేతులు కడిగించండి. పిల్లనక్కలకి చెప్పులు, బూట్లు ఎత్తుకుపోవడం మహా సరదా. జర్మనీలో ఫ్యోరెన్ అనే ఊళ్ళో 2009లో ఒక తల్లినక్క కన్నం దగ్గర వందకి పైగా చెప్పులు, బూట్లు దొరికాయి. రాత్రి గుమ్మం బయట వదలకండి.

రేబిస్ గురించి నాన్నగారు తప్పక అడుగుతారు. ఈ దేశంలో నేల మీది జంతువుల్లో రేబిస్ లేదు, 1922 తర్వాత స్థానికంగా రాలేదు. యూరప్‌లో ఒకప్పుడు నక్కలే దాన్ని మోసేవి. 1978లో స్విట్జర్లాండ్ వాళ్ళు కోడి తలకాయల్లో టీకా మందు పెట్టి లోయల్లో విసిరి నక్కలతో తినిపించారు. ఆ పద్ధతి మిగతా దేశాలూ అందుకోవడంతో పశ్చిమ యూరప్‌లో నక్కల రేబిస్ మాయమైంది. నాకు తెలిసి వన్యప్రాణుల వైద్యంలో అంతకన్నా పెద్ద విజయం లేదు. అయితే ఇది ఇక్కడి మాట. ఇండియాలో నక్కగానీ గుంటనక్కగానీ కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. అందులో ఆలోచించేదేమీ లేదు.

ఇక్కడి నక్కలకి అసలు శత్రువులు రెండు: కార్లు, గజ్జి. బొచ్చు ఊడిపోయి, చర్మం పొరలు కట్టి, పట్టపగలు మత్తుగా కూర్చున్న నక్క కనిపిస్తే అది గజ్జి. బ్రిస్టల్‌లో స్టీఫెన్ హ్యారిస్ అనే శాస్త్రవేత్త బృందం 1977 నుంచి ఏళ్ళ తరబడి నక్కలను గమనిస్తూ వచ్చింది. 1994లో అక్కడికి గజ్జి వచ్చి రెండేళ్ళలో నూటికి 95కి పైగా నక్కలను చంపేసింది. మీకు కనిపిస్తే నెట్‌లో దొరికే మందులు తిండిలో కలిపి పెట్టకండి, ఎవరు తింటారో తెలియదు. దగ్గర్లోని వన్యప్రాణి సంరక్షకులకి ఫోటో పంపండి. ఎన్నేళ్ళు బతుకుతాయని అడిగితే, చాలావరకు రెండో ఏడు దాటవు. నాలుగైదేళ్ళ నక్క అంటే ముసలిదే.

పెంచుకోవచ్చా అని మీ పాప అడిగిందని రాశారు. సైబీరియాలో నొవొసిబిర్స్క్ దగ్గర 1959లో ద్మిత్రి బెల్యాయెవ్, ల్యుద్మిలా త్రూత్ మొదలుపెట్టిన ప్రయోగం గురించి మీరు విని ఉంటారు. తరతరాలుగా మనిషికి బెదరని వెండి నక్కలనే (ఎర్ర నక్కలోనే నల్లబొచ్చు రకం) ఏరి జత కట్టిస్తే, తోక ఊపే నక్కలు వచ్చాయి. కానీ అవి అడవి నుంచి తెచ్చినవి కావు, ఫారాల్లో బొచ్చు కోసం అప్పటికే పెంచుతున్న జాతి. వాటి మూలం కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు ఫారాల దాకా వెళ్తుంది. మీ షెడ్డు కింది పిల్లని ఇంట్లో పెంచితే కుక్క కాదు, ప్రతి సోఫా మూలా తన హద్దు గుర్తు పెట్టే నక్క అవుతుంది. ఆ వాసన మీకు ఇప్పటికే తెలుసు.

మే నెలలో గార్డెన్‌లో ఒంటరిగా పిల్లనక్క కనిపిస్తే పాప తప్పకుండా పెట్టెలో పెట్టి ఇంట్లోకి తెద్దామంటుంది. కళ్ళు తెరుచుకుని, నడుస్తూ, ఒంటి మీద గాయం లేకుండా ఉంటే ముట్టుకోకండి. తల్లి పొద కింద నుంచి చూస్తూనే ఉంటుంది, చీకటి పడగానే తీసుకుపోతుంది. కళ్ళు తెరవని పిల్ల బయట పడి ఉంటే మాత్రం వెంటనే పని చేయాలి. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, పాలు తాగించకుండా, జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏకో దగ్గర్లోని వన్యప్రాణి రెస్క్యూకో ఫోన్ చేయండి. ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకోండి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. వీలైతే అదే రాత్రి తల్లికి చేరే చోటే తిరిగి పెట్టమంటారు.